మోచేతి కింద చెయ్యి

కోదాడ నుంచి గరిడేపల్లి మీదుగా పోయే ఎర్రబస్సులో ఆ సాయంత్రం మిగిలింది ఒకే ఒక్క సీటు. అది మంగ్లీకి దొరికింది.

దొరకడం కాదు, పిలిచి ఇచ్చారు. క్రైస్తవ స్త్రీల సదస్సు నుంచి తిరిగి వెళ్తున్న ఒక పెద్దావిడ మంగ్లీని చూడగానే పక్కనున్న మూటను ఒళ్ళోకి లాక్కుని జరిగింది.

"ఇటు రామ్మా, ఇటు రా. పొద్దున సాక్ష్యం చెప్పింది నువ్వే కదూ? ఎంత బాగా చెప్పావే తల్లీ! మా కోడలైతే వెక్కి వెక్కి ఏడ్చిందనుకో."

మంగ్లీ కూర్చోలేదు. వెనక్కి తిరిగి, "అక్కా, నువ్వు కూసో" అంది.

"నాకొద్దు. నీకిచ్చిన్రు, నువ్వే కూసో" అంది సమాధానమ్మ పైకడ్డీ పట్టుకుని.

"గట్లెట్ల అక్కా? కాళ్ళు గుంజుతయి నీకు."

"గుంజితే గుంజనీ. నా కాళ్ళకు నిలబడుడు కొత్తనా?"

హుజూర్‌నగర్ దాటేవరకూ ఆ సీటు ఖాళీగానే ఉంది. మంగ్లీ కూర్చోదు, సమాధానమ్మ కూర్చోదు. చివరికి కండక్టర్ వచ్చి, "ఎవరో ఒకరు కూసోండమ్మా, లేకుంటే నేను కూసుంట" అంటే బస్సంతా నవ్వింది. మంగ్లీ కూడా నవ్వి అంచు మీద సగం కూర్చుంది. సమాధానమ్మకు మాత్రం నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి ఆమె గుండెల్లో ఎవరో కారం నూరుతూనే ఉన్నారు.

సమాధానమ్మది బైబిల్ స్త్రీ ఉద్యోగం. సంఘం తరఫున గుడ్డసంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాక్యం చెప్పి, పాటలు నేర్పి, జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థన చేసి రావడం ఆమె పని. భర్త చనిపోయిన ఏడాదే చేరింది. పిల్లలు లేరు. గరిడేపల్లిలో చర్చి వెనక ఒక గది ఇచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ బైబిలమ్మే. ఎండ లేదు, వాన లేదు. కుక్కలు తరిమిన ఊళ్ళున్నాయి, గడప బయట నిలబెట్టి పంపిన ఇళ్ళున్నాయి. ఏ ఊళ్ళో ఎవరు మొదట నమ్ముకున్నారంటే, వాళ్ళ వెనక సమాధానమ్మ అరిగిన చెప్పుల జాడ ఉండేది.

పాలకీడు దగ్గరి హన్మా తండాకు ఆమె మొదటిసారి వెళ్ళింది ఎనభై రెండులో. లంబాడీల భాష ఆమెకు రాదు. తెచ్చిన బొమ్మల చుట్ట విప్పి చెట్టుకు వేలాడదీస్తే, ఆడవాళ్ళు బొమ్మల్లోని గొర్రెలను చూసి ధర కట్టారు తప్ప కథ వినలేదు. ఆ రోజు మంగ్లీ ఒక్కతే దగ్గరకు వచ్చింది. చంకలో జ్వరంతో మండుతున్న ఆడపిల్ల. సమాధానమ్మ పిల్ల కోసం ప్రార్థన చేసింది. చేసి ఊరుకోలేదు, బండి కట్టించి మిర్యాలగూడ దవాఖానకు తానే వెంట తీసుకుపోయింది. పిల్ల బతికింది. మందు వల్ల బతికిందో, ప్రార్థన వల్ల బతికిందో సమాధానమ్మ ఎప్పుడూ తేల్చి చెప్పలేదు. మంగ్లీ కూడా అడగలేదు. మరుసటి ఆదివారం చర్చికి వచ్చి, వెనక గోడకు ఆనుకుని కూర్చుంది.

ఆ తర్వాత అక్షరాలు. పాటల పుస్తకం ముందు పెట్టుకుని, మంగ్లీ వేలు పట్టుకుని, ఒక్కొక్క అక్షరం మీద నడిపించింది సమాధానమ్మ. నాట్లప్పుడు చేతులు పగిలి వేలు ఆనించలేకపోతే పుల్లతో చూపించేది. మూడో ఏడాదికి మంగ్లీ సువార్త చదవసాగింది. నాలుగో ఏడాదికి తండాలో తన వాకిట్లోనే కూటం పెట్టింది. అప్పుడు సమాధానమ్మ సంతోషించిన మాట నిజం. సొంత చేతులతో పెట్టిన పాదుకు పువ్వు పూస్తే ఎవరికి సంతోషం కాదు?

పువ్వు దాకా బాగానే ఉంటుంది. తీగ పాకి మన ఇంటి కప్పునే కప్పేస్తేనే కష్టం.

గరిడేపల్లి సంఘంలోని ఆడవాళ్ళే, సమాధానమ్మ కళ్ళముందే, "మంగ్లీ, జర మా అత్త కోసం ప్రార్థన జెయ్యరాదే" అనడం మొదలుపెట్టారు. మంగ్లీ చెప్పే తీరు వేరు. సమాధానమ్మ వచనం చెప్పి, అర్థం చెప్పి, మళ్ళీ వచనం చెప్పేది. మంగ్లీ ఒక మాట చదివి, తప్పిపోయిన మేక కథో, కల్లు మానిన మొగుడి కథో ఎత్తుకునేది. జనం నవ్వేవాళ్ళు, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఇప్పుడు, ఎనభై ఎనిమిది ఎండాకాలంలో, కోదాడ సదస్సులో అన్ని ఊళ్ళ ఆడవాళ్ళ ముందూ మంగ్లీని వేదిక ఎక్కించారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన పాస్టరు మత్తయ్య అయ్యగారు అందరూ వినేలా అన్నాడు: "సమాధానమ్మా, నీ శిష్యురాలు నిన్ను మించిపోయిందమ్మా!"

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. శాలువా కప్పినట్టు అన్నాడు. ఆమెకు మాత్రం అది భుజాల మీద తడిగోనె వేసినట్టు ఉంది. ఏకు మేకైందని పెద్దలు ఊరికే అన్నారా అనుకుంది. అనుకున్నందుకు వెంటనే మనసులోనే క్షమాపణ అడిగింది. అడిగి మళ్ళీ అదే అనుకుంది.

*

సదస్సు అయిన కొన్నాళ్ళకు అయ్యగారు సమాధానమ్మను పిలిపించాడు.

"హన్మా తండాల ఆడోళ్ళు కొందరు బాప్తిస్మం అడుగుతున్నరంట. మంగ్లీ కబురు పంపింది. నువ్వు పోయి వాళ్ళను పరీక్ష చేసి రా. నువ్వు సరే అంటే వానలకు ముందే వాడపల్లిల, కృష్ణ రేవుల పెట్టుకుందాం."

"అట్లనే అయ్యగారూ."

"ఇంకోటి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వీళ్ళకు మంగ్లీయే చెయ్యి అందిస్తే బాగుంటదేమో. ఏమంటవ్?"

ఆ సంఘాల్లో అదొక పద్ధతి. ముంచి లేపేది అయ్యగారే. ఆయన నడుములోతు నీళ్ళలో నిలబడి ఉంటాడు. ఒడ్డు నుంచి ఆయన దాకా ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయేది మాత్రం వాళ్ళను విశ్వాసంలోకి తెచ్చినవాళ్ళు. దాన్నే చెయ్యి అందించడం అంటారు. ఇన్నేళ్ళలో ఈ చుట్టుపక్కల ఏ ఆడమనిషి నీళ్ళలోకి దిగినా ఆ చెయ్యి సమాధానమ్మ చేతిలోనే ఉండేది. పిల్లలు లేని ఆమెకు అదే పురుడు పోసినట్టు, అదే పెళ్ళి చేసి పంపినట్టు.

"అయ్యగారి ఇష్టం" అంది. బయటికి వచ్చాక చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, కాలు కాలేదాకా నడిచింది.

*

తండాలో మంగ్లీ వాకిలి అలికి, బొంతలు పరిచి ఉంచింది. మంగ్లీ మొగుడు జవహర్ "వందనాలు బైబిలమ్మా" అని మంచినీళ్ళ చెంబు ఇచ్చి, ఆడవాళ్ళ మధ్య తనకేం పని అన్నట్టు ఎడ్ల దగ్గరికి పోయాడు. వచ్చినవాళ్ళలో అందరికంటే పెద్దది శాంతాబాయి, చేతి నిండా గాజులు, నోటి నిండా మాటలు. అందరికంటే చిన్నది ఆమె కోడలు నీలా.

"ముందు ప్రార్థన చేసుకుందాం" అంది సమాధానమ్మ.

అందరూ కళ్ళు మూశారు. కుడిచేతులు పైకి లేచాయి. ప్రార్థనలో ఎన్నడూ కళ్ళు తెరవని సమాధానమ్మ ఆ రోజు ఎందుకో ఒక కన్ను తెరిచింది.

ప్రతి ఒక్కతీ ఎడమచేత్తో తన కుడి మోచెయ్యి పట్టుకుని ఉంది. శాంతాబాయి పట్టుకుంది. నీలా పట్టుకుంది. మంగ్లీ కూడా పట్టుకుంది. అచ్చం సమాధానమ్మ పట్టుకున్నట్టే.

ఆమె పట్టుకోవడానికి కారణం ఉంది. ఈ తండాకు మొదటిసారి రావడానికి కొద్దినెలల ముందు బస్సు మెట్టు మీద జారి పడితే కుడిచెయ్యి విరిగింది. కట్టు కట్టినవాడు సరిగా కట్టలేదో, ఈమే తొందరపడి విప్పేసిందో, ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి చెయ్యి ఎత్తితే ఎక్కువసేపు నిలవదు. కింద రెండో చెయ్యి ఆసరా పెట్టాల్సిందే. గరిడేపల్లిలో కుర్రవాళ్ళు ఆమె వెనక మోచెయ్యి పట్టుకుని నడిచి నవ్వించుకోవడం ఆమెకు తెలుసు. తెలిసీ తెలియనట్టు పోయేది.

ఇప్పుడు ఈ వాకిట్లో ఇంతమంది కలిసి తనను వెక్కిరిస్తున్నారు! అదీ ప్రార్థనలో! నేర్పింది ఎవరో వేరే చెప్పాలా?

ఆమేన్ అనేసరికి ఆమె ముఖం గట్టిపడిపోయింది.

"పరలోక ప్రార్థన చెప్పండి."

అందరూ కలిసి ఎత్తుకున్నారు. వాళ్ళ భాషలో. అది ప్రార్థనలా లేదు, కోతల పాటలా సాగిపోయింది. మంగ్లీ కళ్ళు మూసుకుని కొంచెం ఊగుతోంది.

"ఆపండి. తెలుగులో చెప్పండి."

తెలుగులో రెండు మాటలు నడిచి మూడో మాట దగ్గర బండి దిగబడింది. నీలా పక్కవాళ్ళ నోరు చూస్తూ పెదవులు కదిలించింది.

"పది ఆజ్ఞలు. వరుసగా."

"నేను జెప్త" అని శాంతాబాయి ముందుకు జరిగింది. "దొంగతనం జెయ్యొద్దు. అబద్ధం ఆడొద్దు. అమ్మానాయిన్ని మంచిగ సూడాలె. మందిదానికి ఆశపడొద్దు..."

"వరుస తప్పింది."

"ఏది ముందైతే ఏందమ్మా? చెయ్యొద్దన్నవి చెయ్యకుంటే సాలదా? నేను వరుసగ దొంగతనం జేస్తనా ఏంది?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మంగ్లీ నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. సమాధానమ్మ లేచి నిలబడింది.

"దేవుని మాటలతోని పరాచికాలాడేటోళ్ళు నీళ్ళలోకి ఎట్ల దిగుతరు? మీరింకా తయారుకాలే. తెలుగుల ప్రార్థన నోటికి రావాలె. ఆజ్ఞలు వరుసగ రావాలె. గప్పుడు చూద్దాం."

మంగ్లీ ఊరి బాట దాకా వెంట వచ్చింది.

"నాదే తప్పక్కా. వాళ్ళకు సక్కగ చెప్పుడు నాకు రాలే. కోపం జెయ్యకు."

సమాధానమ్మ సంచీ భుజానికి ఎత్తుకుని నడిచింది. ఆ పూట మాత్రం అన్నం రుచిగా తిన్నది. చాలా రోజుల తర్వాత అంత ఆకలి వేసింది. వాళ్ళు ఇంకా తయారుకాలేదని అయ్యగారికి చెప్పింది. "అట్లనా" అన్నాడాయన, కొంచెం చిన్నబోయి. ఆమె మాట మీద ఆయన ఎప్పుడూ రెండో మాట అనలేదు. వాడపల్లి ప్రయాణం ఆగిపోయింది.

*

వానలు పట్టాయి. ప్రతి గురువారం మిర్యాలగూడ సర్కారు దవాఖానలో ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళి మంచం మంచం దగ్గరా పలకరించి రావడం సమాధానమ్మ అలవాటు. ఆ వారం గుమ్మం దగ్గరే తెలిసిన గొంతు వినబడి ఆగింది.

"ఓ ముసలమ్మా! చెయ్యి ఎత్తకు, సూది ఊడుతది!" వార్డు ఆయమ్మ కేకలేస్తోంది.

"ప్రార్థన జేసుకోనియ్యవా?" శాంతాబాయి గొంతు. వాంతులూ విరేచనాలూ పట్టి మనిషి సగమైంది. కుడిచేతికి సెలైన్ ఎక్కుతోంది.

"చేసుకో, ఎవరొద్దన్నరు? చెయ్యి కింద పెట్టి చేసుకో."

"ఎత్తకుంటే ఎట్లయితది? మోచెయ్యి పట్టకుంటే ఎట్లయితది? తెల్వకుంటే ఊకో."

"గదేం ప్రార్థననే? మా ఊళ్ళె గూడ కిరస్తానమోళ్ళున్నరు. వాళ్ళెవ్వరు మోచెయ్యి పట్టరు."

"వాళ్ళకు చెప్పేటోళ్ళు లేరేమో. మాకు మంగ్లీ చెప్పింది. ఆమెకు బైబిలక్క చూపించింది. పిల్ల సావుబతుకుల మీదున్నప్పుడు అక్క గిట్ల పట్టుకోని చేస్తెనే పిల్ల బతికింది. ఆసరా లేని చెయ్యి పైకి నిలవదని, గందుకే పట్టుకోవాలని మంగ్లీ చెప్తది."

సమాధానమ్మ తలుపు చెక్కను పట్టుకుంది.

ఆయమ్మకు ఆ వాదన అంతుబట్టలేదు. తల కొట్టుకుంటూ పక్క ఖాళీ మంచం మీది దిండు తెచ్చి ముసలమ్మ మోచేతి కింద దూర్చింది. "ఇగో, దిండు పట్టుకుంటది నీ మోచెయ్యి. ఇప్పుడు చేసుకో తల్లీ, జర నా కోసం గూడ చేసుకో. నడుములు పోతున్నయి" అని బొక్కెన ఎత్తుకుని పోయింది.

తనను వెక్కిరించలేదు. ఆరేళ్ళ కిందట ఒక విరిగిన చెయ్యిని చూసి ప్రార్థన అంటే అదే అనుకున్నారు. సమాధానమ్మకు మొదట కలిగింది సంతోషమే, దాచుకోవడం ఎందుకు. తండాకు తండా తన చెయ్యిలా చెయ్యి పెట్టుకుంటోంది! ఆ సంతోషం వెనకాలే సిగ్గు వచ్చింది. ఏం మనిషిని నేను, ఇక్కడ కూడా నా వాటా ఎంతో చూసుకుంటున్నానా అని.

మంచం పక్కన నేల మీద ఆకులో అన్నం పెట్టుకుని తింటున్న నీలా ఆమెను చూసి లేచింది. వందనాలు అనలేదు.

"ఎట్లున్నవ్ బిడ్డా? కూటాలు మంచిగ జరుగుతున్నయా?"

"నాకేం ఎర్క? నేను పోతలే."

"ఎందుకు?"

"మంగ్లక్క రావొద్దన్నది. తెలుగుల ప్రార్థన నాకు నోరు తిరగలే, అవన్నీ పుస్తకం మాటలు. మిగిలినోళ్ళకు జర జర వచ్చింది, నాకు రాలే. వచ్చినంకనే గీడ కూసో అన్నది." నీలా చెయ్యి కడుక్కునే నెపంతో ముఖం తిప్పుకుంది. "మా ఆయన బాల్యా నవ్వుతున్నడు. ఏందే, మీ దేవునికి మనోళ్ళ మాట తెల్వదా అని. ఏం చెప్పాలె? నాక్కూడ గదే అనిపిస్తది. ఇగ నేను రానక్కా. ఆయనకు సమజ్ గాని మాట నేనెందుకు మాట్లాడాలె?"

"మంగ్లీ గట్లన్నదా? మంగ్లీనా?"

"బైబిలక్క మనల్ని గట్లనే ఆపింది, గదే పద్ధతి అన్నది. నాకంటె ముందు ఆమె ఏడ్చింది. ఏడ్చుకుంటనే పొమ్మన్నది."

సమాధానమ్మ ఆ వార్డులో మిగతా మంచాల దగ్గరికి వెళ్ళలేదు. బయట వరండాలో వాన చూస్తూ కూర్చుంది. తాను వచనాలు చెప్పింది, అర్థాలు చెప్పింది, అక్షరాలు నేర్పింది. అవి ఎన్ని నిలిచాయో తెలియదు. విరిగిన చెయ్యి మాత్రం నిలిచింది. ఇప్పుడు ఓర్వలేక అన్న మాట కూడా నిలిచింది. మంగ్లీ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుపోయి, ఒక పిల్లను గుమ్మం బయట నిలబెట్టింది. ఆ పిల్ల ఇంకెవరిని నిలబెడుతుందో. నేర్పుదామనుకున్నదే నేర్చుకుంటారని అనుకోవడం ఎంత వెర్రితనం! పక్కన నడిచేవాళ్ళు మన కుంటినడక కూడా నేర్చుకుంటారు.

చెప్పాలి. మంగ్లీకి చెప్పాలి. వేరే ఎవరికైనా చెప్పవచ్చు, అయ్యగారికైనా చెప్పవచ్చు. మంగ్లీ ముందు, తాను వేలు పట్టి అక్షరాలు దిద్దించిన మంగ్లీ ముందు, నువ్వంటే నాకు కడుపుమంట అని ఎట్లా చెప్పడం?

*

శాంతాబాయి ఇల్లు చేరిందని తెలిశాక గాని సమాధానమ్మకు తండా వైపు కాళ్ళు కదలలేదు.

వెళ్ళేసరికి తండా ఆడవాళ్ళంతా నాట్లలో ఉన్నారు. మోకాలి దాకా బురద, చేతుల్లో నారు కట్టలు. ఒంటరిగా దొరుకుతుందనుకున్న మంగ్లీ అందరి నడుమా ఉంది. గట్టు మీద సమాధానమ్మను చూసి నడుము ఎత్తింది.

"అక్కా! ఇంత వానల వచ్చినవా? ఆగు, వస్తున్న."

"రాకు. అందరికీ చెప్పేదే. గాడ్నే ఉండి వినండి."

ఆడవాళ్ళు నారు పట్టుకుని నిలబడ్డారు.

"మోచెయ్యి పట్టుకునుడు ప్రార్థన కాదు." సమాధానమ్మ రవిక చెయ్యి పైకి లాగి వంకర ఎముక చూపించింది. "ఇగో. బస్సు మెట్టు మీదికెళ్ళి జారి పడ్డ. చెయ్యి నిలవక పట్టుకుంట. గంతే. మీకు చేతులు మంచిగనే ఉన్నయి, మీరు పట్టుకోనవసరం లేదు."

క్షణం సేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక మూల నుంచి నవ్వు మొదలై మడి అంతా పాకింది. "గందుకేనా! నేను ఎడమచెయ్యి వాటం దాన్ని, ఎన్ని కష్టాలు పడ్డనో!" అని ఒకామె. "మా అత్తకైతే నేను పట్టుకున్న, ఆమె రెండు చేతులూ వణుకుతయని" అని ఇంకొకామె. మంగ్లీ నోటికి ఓణీ కొస అడ్డం పెట్టుకుని ఊగిపోయింది.

"ఇంకోటుంది" అంది సమాధానమ్మ. "ఆ రోజు మిమ్మల్ని తయారుకాలేదన్న గదా. గది గూడ పద్ధతి కాదు. మీరు తయారుగనే ఉన్నరు. నాకే ఓర్వలేదు. మంగ్లీ నాకంటె మంచిగ చెప్తదని, అందరు ఆమెనే పిలుస్తున్నరని నాకు కడుపు మండింది. మీకు నేను కాకుండ ఆమె చెయ్యి అందిస్తదని మండింది. తెలుగు, వరుస, అన్నీ సాకులే."

నవ్వులు ఆగిపోయాయి. మంగ్లీ ముఖంలోంచి నవ్వు చివరిగా దిగిపోయింది. ఆమె వంగి నారు నాటడం మొదలుపెట్టింది. ఒక కుదురు, ఇంకో కుదురు. వరుస చివరిదాకా నాటి, గట్టు దగ్గరికి వచ్చి నడుము ఎత్తింది.

"నీలాను ఎల్లగొట్టినక్కా. నీ మాట అనుకోని."

"ఎర్కనే."

"నువ్వు నా మీద కోపంతోని చేసినవ్. నేను నీ మీద నమ్మకంతోని చేసిన." మంగ్లీ కళ్ళు ఎర్రబడ్డాయి. "నాకే చెప్తే అయిపోయేది. నువ్వు చెప్పుడు ఆపేసెయ్ మంగ్లీ అంటే ఆపేద్దును గదా. వాళ్ళను ఎందుకు ఆపినవ్?"

వాన చినుకులు మడిలో వలయాలు వలయాలుగా పడుతున్నాయి. మంగ్లీ కాసేపు వాటినే చూసింది. తర్వాత చేతుల బురద నీళ్ళలో జాడించుకుని, గట్టెక్కడానికి చెయ్యి చాచింది. సమాధానమ్మ మంచి చేత్తో పట్టి లాగింది.

"నడువు. నీలా దగ్గరికి ఇద్దరం పోదాం. ఆమె నన్ను తిడుతది. సగం తిట్లు నువ్వు పడు."

నీలా నిజంగానే తిట్టింది. వాళ్ళ భాషలో తిట్టింది కాబట్టి సమాధానమ్మ వాటా కొంచెం తేలికైంది. మంచం మీద శాంతాబాయి అన్నీ విని, "ఇంతకూ ఇప్పుడు మా మాటల చేసుకోవచ్చా, వద్దా? గది తేల్చండి ముందు" అంది.

"చేసుకోవచ్చు" అంది సమాధానమ్మ. "ఆయనకు వస్తది మీ భాష. నాకే రాదు."

"మరి మోచెయ్యి?" అని అడిగింది నీలా, ఇంకా మూతి ముడుచుకునే.

"నొస్తే పట్టుకో."

నీలా ముడిచిన మూతి కొద్దిగా సడలింది. ఆ వారం కూటానికి వస్తానని గాని రానని గాని అనలేదు. కానీ వచ్చింది. బాల్యా కూడా వచ్చి వాకిలి బయట బీడీ కాలుస్తూ కూర్చుని, తన భాష వినబడుతుంటే బీడీ ఆర్పాడని మంగ్లీ తర్వాత చెప్పింది.

మిర్యాలగూడలో మత్తయ్య అయ్యగారికి కూడా సమాధానమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. గద్దిస్తాడనుకుంది. ఆయన లోపలికి చూసి, "రెండు చాయ్ పట్టుకరాండి" అన్నాడు. చాయ్ తాగేదాకా ఏమీ అడగలేదు. తాగాక ఒకటే అడిగాడు.

"చెయ్యి ఎవరు అందిస్తరు మరి?"

"మంగ్లీ" అంది. ఆ పేరు నోటి నుంచి రావడానికి ఇంకా కొంచెం కష్టంగానే ఉంది.

*

కార్తీకం దాటి చలి ముదిరాక, ట్రాక్టర్ ట్రాలీలో అందరూ వాడపల్లి చేరారు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటికి కొంచెం ఎగువన, నేల చదునుగా ఉన్న రేవులో అయ్యగారు నీళ్ళలోకి దిగి నిలబడ్డాడు. పొద్దు అప్పుడే పొడుస్తోంది. ఒడ్డున పాట అందుకున్నారు.

మొదట శాంతాబాయి. మంగ్లీ ఆమె చెయ్యి పట్టుకుని దిగింది. అద్దాలు కుట్టిన లంగా నీళ్ళ మీద గొడుగులా తేలింది. "మెల్లగ, మెల్లగ, నన్ను చేపలకు వెయ్యకు" అంటోంది ముసలమ్మ. ఒడ్డున నిలబడ్డ సమాధానమ్మకు గుండెలో కలుక్కుమంది. ఆ చెయ్యి నా చేతిలో ఉండాల్సింది. అనుకోకూడదనుకుంది, అనుకుంది. రెండో ఆమె దిగినప్పుడు మళ్ళీ అదే. నీలా దిగినప్పుడు మరీ ఎక్కువ. పోదు ఇది, ఒక్క రోజులో పోదు, ఉండనీ, దీని పని ఇది చేసుకుంటుంది, నా పని నేను చేసుకుంటాను అనుకుని, నీళ్ళు కారుతూ ఒడ్డెక్కిన ఒక్కొక్కరి ముందూ గొంతుకూర్చుని లంగా అంచులు పిండసాగింది. తడిసిన ఆ లంగాలు రాళ్ళకంటే బరువు. ఒక్కో అంచు పిండడానికి రెండు చేతుల బలమూ కావాల్సి వచ్చింది. వంకర చెయ్యి మొరాయించింది. పక్కనున్న జవహర్ అవతలి కొస పట్టుకుని మెలితిప్పాడు.

అందరూ అయిపోయాక చివరికి మంగ్లీ ఎక్కింది. అంతమందికీ చెయ్యి అందించి, అంతసేపు చల్లటి నీళ్ళలో నానిన మనిషికి పెదవులు నల్లబడ్డాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. చుట్టూ చూసుకుంది. తెచ్చిన పొడిగుడ్డలన్నీ కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ మీద ఉన్నాయి. వాళ్ళ చుట్టూ జనం, చేతులు కలపడం, కౌగిలించుకోవడం. మంగ్లీకి మార్చుకునే బట్ట తేవాలన్న ఆలోచన మంగ్లీకి కూడా వచ్చినట్టు లేదు.

సమాధానమ్మ గుడ్డసంచీ విప్పింది. అడుగున మడతపెట్టిన చీర ఉంది, రవికతో సహా. తీసి మంగ్లీ చేతిలో పెట్టింది.

"పో. ఆ బండ వెనక్కి పోయి కట్టుకో. జల్ది."

మంగ్లీ పుట్టి ఎన్నడూ చీర కట్టలేదు. కుచ్చిళ్ళు ఒకచోట పెట్టి కొంగు ఇంకోచోట తీసి, మూట కట్టినట్టు కట్టుకుని వచ్చింది. చూసి శాంతాబాయి వణుకుతూనే పకపకా నవ్వింది. సమాధానమ్మ మంగ్లీ దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సరిచేయసాగింది.

మంగ్లీ కిందికి చూసింది.

"అక్కా, నీళ్ళల్లకు నేను దిగాలని నువ్వే గదా చెప్పినవ్?"

"చెప్పిన."

"మరి మార్చుకునే చీర నువ్వెందుకు తెచ్చుకున్నవ్?"

సమాధానమ్మ చేతులు కుచ్చిళ్ళ మీద ఆగాయి. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది, చలికి కప్పుకోవడానికని. మింగేసింది.

"నువ్వు రాకపోతవేమోనని" అంది.

మంగ్లీ ఒక్క నిమిషం ఆమె ముఖంలోకి చూసి, తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆ నవ్వుకు కుచ్చిళ్ళు మళ్ళీ జారాయి.

"కదలకు" అంది సమాధానమ్మ, మొదటి నుంచి మడత పెట్టడం మొదలుపెడుతూ.